అణుభద్రతా దస్త్రములను ఎవరు చదువవలెను?



1948వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన, మన రాజ్యాంగము ఇంకను చిత్తుప్రతిగానే యున్న దినములలో, ఢిల్లీయందు రాజ్యాంగసభ శాసనసభగా కూర్చుండి అణుశక్తి బిల్లును చర్చించినది. బిల్లును సభ ముందుంచినవారు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ. దానియందు రహస్యమునకు కేటాయించిన చోటును చూచి మైసూరు ప్రతినిధి ఎస్. వి. కృష్ణమూర్తిరావు లేచి, ఇంగ్లండువారి చట్టము సైతము రహస్యమును దేశరక్షణకు సంబంధించిన పరిశోధనలకే పరిమితము చేసియుండగా, శాంతిప్రయోజనములకే అణుశక్తి యని చెప్పుకొను మనకు ఇంత మరుగు దేనికని ప్రశ్నించిరి. నెహ్రూ తప్పించుకొనలేదు. ఈ రెండు ప్రయోజనములను ఎట్లు విడదీయవలెనో తనకు తెలియదని నిండుసభలో ఒప్పుకొనిరి. ఆ మాటయందలి నిజాయితీని మెచ్చుకొనవలసినదే. కాని, విడదీయుట తెలియదన్న కారణమున ఆయుధమునకు చెందిన కాగితమును, ఆరోగ్యమునకు చెందిన కాగితమును ఒకే బీరువాలో పెట్టి తాళము వేయుట ఆనాడు ఆచారమై, తరువాత డెబ్బదియేండ్లకు పైగా ఆ బీరువా తెరచి ఏది ఎవరిదో ఏరిపెట్టు శ్రమ ఎవరును మనసారా తీసికొనలేదు. ఈ రాత్రి నేను ముచ్చటింపబోవునది ఆ రెండవరకపు కాగితములను గురించి.

అణువిద్యుత్తు దేశమునకు కావలెనా, వలదా అన్న వాదమును నేనెత్తుకొనుట లేదు. ఆ వాదమున ఇరుపక్షములవారికిని గొంతుకలు గట్టివే. వలదనువానికంటె కావలెననువానికే ఈ దస్త్రముల గొడవ ఎక్కువ అవసరమని నా అభిప్రాయము. ఏలయన, నడచుచున్న కేంద్రము సరిగా నడచుచున్నదని లోకమునకు చూపవలసిన భారము వానిమీదనే యున్నది.

మొదట ఈ కాగితములు ఎట్టివో చెప్పవలెను. ఒక అణుకేంద్రమునకు స్థలము నిర్ణయించునపుడు అచ్చటి భూకంపముల చరిత్ర, సముద్రపుటలల యెత్తు, చుట్టుపట్ల జనసంఖ్య మున్నగువానిని విచారించి స్థల పరిశీలన నివేదిక వ్రాయుదురు. రియాక్టరును కట్టుటకు పూర్వము వ్రాయునది భద్రతా విశ్లేషణ నివేదిక. ఇది సంపుటములకొలది యుండును. చల్లబరచు నీటిగొట్టము తెగినచో మారునీరు ఏ దారిని ఎన్ని క్షణములలో వచ్చును, బయటి కరెంటు పోయినచో డీజిల్ యంత్రములలో ఎన్ని అందుకొనును, అవియు అందుకొననిచో ఏమి మిగులును అని ప్రశ్నమీద ప్రశ్నవేసి జవాబు వ్రాసినట్టి గ్రంథమది. కేంద్రము నడవసాగిన పిదప తనిఖీదారుల నివేదికలు, జరిగిన ఘటనల నివేదికలు, షరతులతో కూడిన అనుమతి పత్రములు ఏటేట పేరుకొనుచుండును. వీనియందు బాంబు చేయు విధానము వెదకినను కానరాదు. కానవచ్చునది వేరు: ఎవరు ఏ లోపమును ఎన్నడు గుర్తించిరి, గుర్తించిన పిదప ఎన్నియేండ్లు ఊరకుండిరి అన్నది.

మనదేశమున 1948 నాటి చట్టము స్థానమున 1962లో మరియొక అణుశక్తి చట్టము వచ్చినది. దాని 18వ సెక్షను, ఉన్న కేంద్రములనుగాని, కట్టదలచిన కేంద్రములనుగాని గూర్చిన సమాచారమును నిర్బంధించుటకు కేంద్రప్రభుత్వమునకు అధికారమిచ్చినది. భద్రతను పర్యవేక్షించుటకు 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడినది. అది పార్లమెంటు చేసిన ప్రత్యేక శాసనముచే గాక ప్రభుత్వోత్తరువుచే పుట్టినది. ఆనాటి యేర్పాటున మండలి అధ్యక్షుడు అణుశక్తి సంఘమునకు జవాబుదారి; ఆ సంఘమునకు అధిపతి అణుశక్తిశాఖ కార్యదర్శియే; విద్యుత్కేంద్రములను కట్టి నడపు ప్రభుత్వసంస్థయు ఆ శాఖ నీడనున్నదే. తనిఖీ చేయువారును, చేయించుకొనువారును తుదకు ఒకే పెద్దకు లోబడిరన్నమాట. ఇట్టి యేర్పాటున తనిఖీదారుడు ఎంతటి సమర్థుడైనను పైవాని కనుబొమ్మ చూచి మాటాడవలసివచ్చును. వానికి లోపల లేని దన్ను బయటినుండి రావలెను. బయటివాడు దన్నుగా నిలువవలెనన్నచో వానిచేత కాగితముండవలెను. దస్త్రములను తెరచుట నియంత్రణాధికారిని ఇరుకున పెట్టుటకని పలువురు తలంతురు; అది వాని వెన్నును నిలుపునని నేను తలంతును.

దీనికి నిదర్శనము మన యింటనే కలదు. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రమున టర్బయినుకు చెందిన రెండు రెక్కలు విరిగినవి. యంత్రము కుదుపునకు లోనై, చల్లబరచుటకై యుంచిన హైడ్రోజను వెలికివచ్చి అంటుకొనగా నూనెయు మండినది. మంట విద్యుత్తీగలను పట్టినది. ప్రధానపు తీగలకు మారుగా ఉంచిన తీగలును వాని ప్రక్కనే, అగ్నినాపు అడ్డేమియు లేక సాగియుండుటచేత అవియు కాలిపోయినవి. దీపములారిపోయినవి; నియంత్రణ గదిలో పొగ నిండి అచ్చటివారు బయటికి రావలసివచ్చినది. రియాక్టరు ఆగినది గాని దాని లోపలి వేడిమి ఆగదుకదా. అప్పుడు కొందరు ఉద్యోగులు చేతిదీపములు పట్టుకొని, ఆ చీకటిలో కట్టడము పైకెక్కి, బోరాను ద్రవమును లోనికి వదలు వాల్వులను చేతులతో త్రిప్పిరి. డీజిలుతో నడచు అగ్నిమాపకపు పంపులతో ఆవిరియంత్రములకు నీరెక్కించిరి. పదునేడు గంటలు ఆ కేంద్రము కరెంటులేక గడపినది. ఆ రాత్రి అచ్చట పనిచేసినవారి ధైర్యమునకు దేశము ఋణపడియున్నది. అయితే మారుతీగలు అసలు తీగల సరసను ఉండుట నిర్మాణదోషము. ధైర్యము కాలిన తీగకు బదులు కాజాలదు.

ఆ యేటనే మండలికి అధ్యక్షుడుగా వచ్చిన ఆచార్య ఎ. గోపాలకృష్ణన్ 1995లో అణుశక్తిశాఖ సంస్థలలోని భద్రతాలోపముల నన్నింటిని ఏర్చి పట్టికగా వ్రాయించిరి. 130 అంశములు తేలినవి. అందు 95 సత్వరము చక్కబెట్టదగినవి. ఇది ఎవరో గిట్టనివారు చేసిన నింద కాదు. సర్కారు నియమించిన తనిఖీసంస్థ సర్కారుకే వ్రాసికొన్న లెక్క. ఆ లెక్కను చూడగోరి పౌరహక్కుల ప్రజాసంఘమువారు, బొంబాయి సర్వోదయ మండలివారు హైకోర్టునకు పోయిరి. 1997లో హైకోర్టు కాదన్నది. సుప్రీంకోర్టు వరకు నడచిన ఆ వ్యాజ్యమున 2004 జనవరిలో తీర్పు వచ్చినది: 18వ సెక్షను చెల్లును, నివేదికను బయటపెట్టనక్కరలేదు. న్యాయస్థానముయొక్క జాగ్రత్తను నేను తప్పుపట్టను. శత్రువు చేత పడరానిది పడునేమోయను శంక కలిగినపుడు న్యాయమూర్తి వెనుదీయుట సహజము. కాని ఆ 130లో ఎన్ని శత్రువునకు పనికివచ్చునవి, ఎన్ని కేవలము గుత్తేదారునకును, ఇంజనీరునకును తలవంపు తెచ్చునవి యను విభాగము ఎచ్చటను జరుగలేదు. జరిగియుండినచో తాళము ఎంత చిన్నదైనను సరిపోయెడిదో తేలియుండెడిది.

మన పల్లెలలో శిస్తు వసూళ్లనాటి కరణముల దఫ్తరము పెద్దలకు జ్ఞాపకముండును. రైతు తన పొలము అడంగలులో ఎట్లెక్కినదో చూతమని అరుగుమీదికి పోయినచో, "నీకెందుకురా, నేను చూచుకొనుచున్నాను గదా" అని పంపివేయువారుండిరి. కరణము దొంగ కానక్కరలేదు. చాలమంది కారు కూడ. అయినను ఆ చిట్టాను చదువువాడు వ్రాసినవాడే యగుటవలన, అందలి పొరపాటు పొరపాటని తెలియుటకు దావా పడువరకు ఆగవలసివచ్చెడిది. అణుభద్రత విషయమున దావాపడు దినమువరకు ఆగుట ఎట్టిదో వేరే చెప్పవలసినది లేదు.

2005 అక్టోబరు 12న సమాచారహక్కు చట్టము అమలులోనికి వచ్చినది. ఆ చట్టమును తయారుచేసినవారు, వెనుకటి చట్టములలో దీనికి విరుద్ధమైనది ఏదియున్నను ఇదియే చెల్లునని 22వ సెక్షనులో వ్రాసిరి. మరుగుపరుపదగిన సమాచారమైనను, బయటపెట్టుటవలన కలుగు ప్రజాశ్రేయస్సు అధికమైనచో ఇయ్యవచ్చునని 8వ సెక్షనులో వ్రాసిరి. ఒకే పత్రమున ఇయ్యదగినది, ఇయ్యరానిది కలసియున్నచో ఇయ్యరానిదానిని తొలగించి మిగిలినది ఇమ్మని 10వ సెక్షనులో వ్రాసిరి. 1948లో నెహ్రూకు దొరకని ఉపాయము ఈ 10వ సెక్షనులోనే యున్నది. రెండు ప్రయోజనములను తత్త్వరీత్యా విడదీయనక్కరలేదు. పుట తరువాత పుట తీసి, నల్లసిరాతో కొట్టివేయవలసిన పంక్తులు కొట్టివేసి, తక్కినది చేతికిచ్చిన చాలును. అది వేదాంతము కాదు, గుమాస్తా పని.

ఈ యుపాయమును తమిళనాటి కూడంకుళమున పరీక్షించిరి. అచ్చట రష్యావారి సహాయమున వేయి మెగావాట్ల రియాక్టర్లు రెండు సిద్ధమగుచుండగా, అణువిద్యుత్ వ్యతిరేక ఉద్యమకారుడు ఎస్. పి. ఉదయకుమార్ 2010లో భద్రతా విశ్లేషణ నివేదికను, స్థల పరిశీలన నివేదికను కోరుచు దరఖాస్తు పెట్టిరి. అణువిద్యుత్ సంస్థవారు ఇయ్యమనిరి. దేశభద్రత యొక కారణము; రష్యా సంస్థయొక్క వ్యాపార రహస్యములు రెండవ కారణము. వ్యవహారము కేంద్ర సమాచార సంఘమునకు పోగా, 2012 ఏప్రిల్ 30న కమిషనరు శైలేశ్ గాంధీ తీర్పు చెప్పుచు, సరఫరాదారుల సొంత డిజైను వివరములేమైన నున్నచో తొలగించి, రెండు నివేదికలను దరఖాస్తుదారునకిచ్చి, నెలలోపల వెబ్‌సైటులోను ఉంచుడని యాదేశించిరి. సంస్థవారు ఆ యాదేశమును శిరసావహింపక ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కిరి. ఆ కేంద్రము చెంతనున్న ఇడిందకరై ఊరివారు ఆ దినములలో నిరసనగా సముద్రపుటొడ్డున శిబిరము వేసికొని కూర్చుండియుండిరి. జపానులో ఫుకుషిమా అణుప్రమాదము జరిగి యేడాది దాటినది. వారి భయమునకు ఆధారము లేదని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు వచ్చి చెప్పుచుండిరి. అంత నమ్మకముగా చెప్పగల మాటకు ఆధారమైన గ్రంథమును మాత్రము చూపుటకు మనసొప్పలేదు. భయము పోగొట్టుటకు ఉపన్యాసములకంటె ఆ సంపుటములు చవుకగా పనిచేసియుండెడివని నాకు తోచును.

పరదేశములందు ఇట్టి పత్రములు తెరచినపుడు ఏమి బయటపడినదో ఒక ఉదాహరణము చెప్పెదను. అమెరికాలో 1972 సెప్టెంబరు 20న, అణుశక్తి సంఘమునందలి భద్రతా నిపుణుడు స్టీఫెన్ హెనావర్ ఒక చిన్న అంతరంగిక పత్రము వ్రాసెను. రియాక్టరు చుట్టు కట్టు పెద్ద కవచమునకు మారుగా, వెలువడిన ఆవిరిని నీటిమడుగులోనికి త్రిప్పి చల్లార్చు చిన్న కవచములు అప్పుడు వాడుకలోనికి వచ్చుచుండెను. వానివలన ఖర్చు తగ్గును. ఈ పద్ధతియందు లాభముకంటె చిక్కు ఎక్కువ, ఇకమీద దీనిని అంగీకరింపకుండుట మేలని హెనావర్ సారాంశము. అయిదు దినములకు పైయధికారి జోసెఫ్ హెండ్రీ బదులు వ్రాసెను. సూచన ఆకర్షణీయమే, కాని ఈ పద్ధతి పరిశ్రమయంతట పాతుకొనిపోయినది, ఇప్పుడు కాదన్నచో అణువిద్యుత్తుకే అంతము కావచ్చునని ఆయన భావము. అనగా, ప్రశ్న ఇంజనీరింగుది; జవాబు వ్యాపారముది. ఈ రెండు కాగితములు 1978లో సమాచార స్వాతంత్ర్య చట్టము పుణ్యమున బయటికి వచ్చువరకు ప్రజ లెరుగరు. అప్పటికి హెండ్రీ ఆ దేశపు నియంత్రణ సంఘమునకు అధ్యక్షుడు.

ఆ తరహా కవచములే జపానులోని ఫుకుషిమా దాయిచి కేంద్రమున ఆరింట అయిదు రియాక్టర్లకు ఉండెను. ఆ కేంద్రముయొక్క యజమానులు 2008లో లెక్కవేయించగా 15.7 మీటర్ల యెత్తు ఉప్పెన రావచ్చునని తేలినది. ఆ యంకె నియంత్రణ కార్యాలయమునకు చేరినది 2011 మార్చి 7న. ఉప్పెన వచ్చినది 11న. మూడేండ్లు ఆ యంకె ఒక సంస్థ లోపలనే నలిగినది. బహిరంగమై యుండినచో ప్రమాదము తప్పియుండెడిదని నేను ప్రమాణము చేయజాలను. కాని డీజిల్ యంత్రములను నేలమాళిగలో ఏల ఉంచితిరని ఎవడో ఒక బడిపంతులైనను, జాలరియైనను అడిగియుండెడివాడని మాత్రము చెప్పగలను.

రహస్యమునకును తావున్నది. కావలివారు ఎందరు, ఏ వేళ మారుదురు, వాడిన ఇంధనము ఏ దారిని ఏ దినమున పోవును, ఏ గదికి ఏ తలుపు బలహీనము అను సంగతులు సంతలో చెప్పునవి కావు. అమెరికాలో ప్రతి కేంద్రమునకు దగ్గరనున్న ఊరి గ్రంథాలయమున ఆ కేంద్రపు దస్త్రములు ఒక గదినిండ ఉంచు మర్యాద చాలకాలము సాగినది. తరువాత అవి కంప్యూటరు కెక్కినవి. 2001 సెప్టెంబరు దాడుల పిమ్మట అక్టోబరులో నియంత్రణ సంఘమువారు తమ వెబ్‌సైటునే మూసివేసి, పత్రములను పరిశీలించి క్రమక్రమముగ మరల తెరచిరి. మూసినందుకు నిందింపరాదు, తిరిగి తెరచుటయందే ఆ సంఘపు పెద్దరికము. ఫ్రాన్సులో తనిఖీదారులు కేంద్రమునకు వ్రాయు ఉత్తరములను 2002 నుండి ప్రజల కందుబాటులో ఉంచుచున్నారు. ఇన్ని వాల్వులు సరిగా లేవు, ఇంత గడువులో బాగుచేయుడు అని పేరుపెట్టి వ్రాసిన ఉత్తరములవి. మన మండలియు వార్షిక నివేదికలను, నియమావళులను ప్రకటించుచునే యున్నది. చదివి చూచినవారికి తెలియును: అవి సారాంశములు. ఫలానా కేంద్రమున ఫలానా తేదీన ఏమి కనబడినదన్న మూలపత్రము వేరు.

మూలపత్రముల జోలికి బయటివాడు పోయినపుడు ఏమి తేలునో 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక చూపినది. 1983 ఉత్తరువులోనే ఆదేశమున్నను దేశమునకు వికిరణ భద్రతా విధానము ఒకటి వ్రాయబడలేదని అందు తేలినది. అంతకంటె మనకు దగ్గరి సంగతి మరియొకటి: దేశమునందలి 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రములలో మండలివద్ద నమోదైనవి 5,270 మాత్రమే. నూటికి తొంబదియొకటి లెక్కలో లేవు. అణుభద్రత యనగానే మనకు ఎక్కడనో సముద్రతీరపు గుమ్మటము మనసున మెదలును గాని, మన పట్టణపు వీధిలో, మందుల దుకాణము మేడమీద, గర్భిణియు చంటిబిడ్డయు కూర్చుండు వరండా ప్రక్కగదిలో ఉన్న యంత్రమును ఆ మండలి పరిధిలోనిదే. ఆ ఆడిటుకు రెండేండ్ల ముందు, 2010లో, ఢిల్లీ మాయాపురి పాతయినుము దుకాణములలో రేడియోధార్మిక కోబాల్టు బయటపడి ఒక మనిషి ప్రాణము పోయినది. అచ్చటి విశ్వవిద్యాలయమువారు వాడక మూలపడవేసిన, ఆ కోబాల్టు గల పరికరమును వేలమున అమ్మివేసిరి. అట్టి పరికరములు ఎన్ని, ఎవరివద్ద నున్నవి అను జాబితా పదిమంది కండ్లకు కనబడునదై యున్నచో వేలము పాటనాడే ఎవడో ఒకడు నోరు తెరచియుండెడివాడు.

2025 డిసెంబరులో పార్లమెంటు 1962 నాటి చట్టము స్థానమున శాంతి యను పేర క్రొత్త శాసనమును ఆమోదించినది. నియంత్రణ మండలికి చిరకాలమునకు శాసనప్రతిపత్తి దక్కినది, సంతోషము. ప్రైవేటు సంస్థలకును ద్వారము తెరువబడినది. సమాచారమును నిర్బంధించు అధికారము మాత్రము పాత యింటినుండి క్రొత్త యింటికి సామానుతో పాటు వచ్చినది. ఇకమీద దేశభద్రత యను మాటకంటె వ్యాపార రహస్యమను మాటయే మనకు తరచు వినబడునని నా యూహ; కూడంకుళమున దాని తొలిపలుకు వింటిమి.

మన శ్రీకాకుళము జిల్లా కొవ్వాడ తీరమున వెస్టింగ్‌హౌస్‌వారి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరింటిని నెలకొల్పదలచిరి. ఇచ్చట ఒక వింత గమనింపుడు. ఆ తరహా రియాక్టరును అమెరికా నియంత్రణ సంఘము పరీక్షించి ఆమోదించినది. సంస్థ రహస్యములను తొలగించి, మిగిలిన డిజైను పత్రమును ఎవరైనను చదువునట్లు బహిరంగముగ ఉంచినది. అట్టి రియాక్టర్లు రెండు జార్జియా రాష్ట్రమున వోగుల్ కేంద్రమున పనిచేయుచున్నవి. అట్లాంటాలో కాపురమున్న మన తెలుగువాడు తన యింటికి విద్యుత్తునిచ్చు ఆ కేంద్రపు భద్రతా విశ్లేషణను కాఫీ త్రాగుచు చదువుకొనవచ్చును. కొవ్వాడ మత్స్యకారుడు కోరవలసినది ఇక యంత్రపు గుట్టు కాదు. తన తీరపు స్థల పరిశీలన నివేదిక, తుఫానులకును ఉప్పెనలకును వేసిన లెక్కలు, మండలి పెట్టిన షరతులు. కడపజిల్లా తుమ్మలపల్లె యురేనియము గని చెంత, తమ బోరునీరు చెడినదని మొరపెట్టుకొన్న రైతు కోరునది ఇంకను చిన్నది: ఆ నీటి పరీక్షల యంకెలు, తేదీలతో.

నిర్బంధితమని ప్రకటించినది పోను, తక్కినదానిని అడుగుటకు సమాచారహక్కు చట్టము నిలిచియేయున్నది. రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువ నున్నవారికి అదియు లేదు. ముప్పది దినములలో జవాబు రావలెను. రానిచో మొదటి అప్పీలు, అటుపిమ్మట తొంబది దినములలోపల రెండవ అప్పీలు. కాగితము పేరు, సంవత్సరము స్పష్టముగ వ్రాసి, "ఇయ్యరాని భాగములున్నచో 10వ సెక్షను ప్రకారము తొలగించి మిగిలినది ఇప్పింపుడు" అని చివర ఒక వాక్యము చేర్చినచో అధికారికి తోసిపుచ్చుట కష్టమగును. దరఖాస్తు ఇంగ్లీషున ఉండనక్కరలేదు. పెట్టుచోటి అధికారభాషలో ఉండవచ్చునని 6వ సెక్షను చెప్పుచున్నది, కనుక మనవారు తెలుగున వ్రాయవచ్చును. వ్రాయుట రానివాడు నోట చెప్పినచో, దానిని వ్రాతలో పెట్టుటకు సమాచార అధికారి సాయపడవలెను.